ఉంగరానికి ఎన్ని నెలల జీతం?

మన సంఘంలో మొదట వచ్చి స్థిరపడ్డ కుటుంబాల పిల్లలు ఇప్పుడు పెళ్ళీడుకొచ్చారు. ఉగాదికో సంక్రాంతికో నలుగురం చేరి, పులిహోర ప్లేటు చేత్తో పట్టుకుని మాట్లాడుకునే మాటల్లో కాలేజీ అడ్మిషన్లు వెనక్కిపోయి పెళ్ళిసంబంధాలు ముందుకొచ్చాయి. మన పెళ్ళిళ్ళప్పుడు ఎవరికీ తట్టని ఒక ప్రశ్న ఆ మాటల్లో ఇప్పుడు తప్పకుండా వినిపిస్తోంది: "అబ్బాయి ఉంగరానికి ఎంత పెడుతున్నాడు?"

మన రోజుల్లో ఉంగరం లేదని కాదు. నిశ్చితార్థంనాడు తాంబూలాలు మార్చుకోవడం, లగ్నపత్రిక రాయించుకోవడం ముఖ్యం. అమ్మాయికి అత్తవారు చీర పెట్టి, బొట్టు పెట్టి, వేలికి ఒక ఉంగరం తొడిగేవారు. అబ్బాయికి మామగారి తరఫున మరొకటి. అరతులమో ముప్పాతిక తులమో బంగారం, సరదా పడితే పైన ఒక తెల్లరాయి. ఆ ఖరీదు గురించి ఎవరూ నిద్ర మానుకోలేదు. నిద్ర మానుకున్నది కట్నం దగ్గర, ఆడపడుచు లాంఛనాల దగ్గర, మగపెళ్ళివారి బస్సు ఎన్నింటికి వస్తుందన్న దగ్గర. ఇక పెళ్ళయ్యాక బిందెలో నీళ్ళుపోసి ఉంగరం వేసి వధూవరుల చేత వెతికించడం మీకందరికీ గుర్తుండే ఉంటుంది. మూడుసార్లలో రెండుసార్లు ఎవరికి దొరికితే వారిదే పైచేయి అని ఇరుపక్షాలూ కేకలు పెట్టడమే తప్ప, ఆ ఉంగరంలో రాయి ఎన్ని క్యారెట్లని అడిగినవారు నాకు తెలిసి లేరు.

నేను ఈ విషయం ఇంతగా ఆలోచించడానికి కారణం మా మేనల్లుడు. మా అక్క కొడుకు ఒహాయోలో రెసిడెన్సీ చేస్తున్నాడు. డెంటల్ స్కూలు చివరి సంవత్సరంలో ఉన్న తెలుగమ్మాయిని ఇష్టపడ్డాడు. అమ్మాయి న్యూజెర్సీలో పుట్టి పెరిగింది. ఇరువైపులా పెద్దవాళ్ళకు అభ్యంతరం లేదు, జాతకాలు కూడా ఎవరి తృప్తికోసం వాళ్ళు చూయించుకున్నారు. మిగిలింది వాడు మోకాలు మీద కూర్చుని అడగడం ఒక్కటే. ఒకరోజు రాత్రి ఫోన్ చేసి, "మామయ్యా, రెండు నెలల జీతం పెట్టాలంటారు కదా, పన్నుకి ముందు జీతమా, తర్వాత జీతమా?" అని అడిగాడు.

నవ్వొచ్చింది గానీ, లెక్క వేస్తే నవ్వే విషయం కాదు. రెసిడెంటు జీతం ఏడాదికి 65,000 డాలర్లనుకోండి. పన్నుకి ముందు రెండు నెలలంటే దాదాపు 10,800. వాడి బ్యాంకులో ఉన్నది 6,500. మెడికల్ స్కూలు అప్పు 1,80,000. తేడా ఎలా పూడుస్తావురా అంటే, మాల్లో ఒక నగల దుకాణంవారు పన్నెండు నెలలు వడ్డీ లేకుండా ఇస్తామన్నారట. ఆ కాగితం ఫోటో తీసి పంపమన్నాను. సన్న అక్షరాల్లో ఉన్నదేమంటే, పన్నెండు నెలల్లో పైసాతో సహా తీర్చకపోతే, కొన్న రోజు నుంచీ లెక్కకట్టి దాదాపు 30 శాతం వడ్డీ వేస్తారు. 11,000 డాలర్ల ఉంగరం కొని, నెలనెలా బుద్ధిగా 875 కడుతూ వచ్చి, చివరికి 500 బాకీ పడితే, ఆ 500 మీద కాదు, ఏడాది పొడుగునా ఉన్న బాకీ అంతటిమీదా వడ్డీ పడుతుంది. 1,500 డాలర్లకు పైమాటే. మన పెద్దలు అప్పు చేసి పప్పుకూడు వద్దన్నారు. ఇది అప్పు చేసి గులకరాయి.

సరే, అసలు ఈ రెండు నెలల జీతమన్న శాస్త్రం ఎక్కడిది? మను ధర్మశాస్త్రంలోదా, బైబిల్లోదా, ఇంగ్లండు రాజులదా? ఏదీ కాదు. అది అమ్మేవాడు రాసిన శాస్త్రం.

1860ల చివర్లో దక్షిణాఫ్రికాలో వజ్రాలు బయటపడి, గనులు టన్నులకొద్దీ మట్టిని తవ్విపోయడం మొదలుపెట్టాక, వజ్రం అరుదైనదన్న మాట నిలబడడం కష్టమైంది. 1888లో సెసిల్ రోడ్స్ డి బీర్స్ కంపెనీ స్థాపించి గనులన్నిటినీ ఒక గుప్పిట్లోకి తెచ్చింది ధర పడిపోకుండా చూసుకోవడానికే. అమెరికాలో ఆర్థిక మాంద్యం వచ్చి అమ్మకాలు పడిపోయినప్పుడు, 1938లో ఆ కంపెనీ ఎన్. డబ్ల్యు. అయర్ అనే ప్రకటనల సంస్థను పట్టుకుంది. 1947లో ఆ సంస్థలో పనిచేస్తున్న ఫ్రాన్సెస్ గెరెటీ అనే ఆవిడ వజ్రం శాశ్వతమన్న నినాదం రాసింది. ఆవిడ మాత్రం జీవితాంతం పెళ్ళి చేసుకోలేదు. ఒక నెల జీతమన్నది మొదట్లో మాట. 1980లలో ప్రకటనలు దాన్ని రెండు నెలలు చేశాయి. జపానులోనైతే మూడు నెలలన్నారు. జపానులో 1967లో నూటికి అయిదుగురు పెళ్ళికూతుళ్ళకు కూడా వజ్రపుటుంగరం లేదు. 1981 నాటికి నూటికి అరవైమందికి ఉంది. మనలాగే తాంబూలాల వంటి సంప్రదాయాలతో, పెద్దలు కుదిర్చే పెళ్ళిళ్ళతో వందల ఏళ్ళు నడిచిన దేశం పద్నాలుగేళ్ళలో మారిపోయింది. 1982లో ఎడ్వర్డ్ ఎప్‌స్టైన్ అట్లాంటిక్ పత్రికలో ఈ కథంతా విప్పి రాశాడు. ఇంజనీర్లూ డాక్టర్లూ చదివి తీరవలసిన వ్యాసం.

మనకి ఇందులో ఇంకొక వింత ఉంది. ఒకప్పుడు ప్రపంచానికి వజ్రాలిచ్చింది మన కృష్ణ ఒడ్డు. 1720లలో బ్రెజిల్‌లో బయటపడేదాకా లోకంలో పేరున్న వజ్రాలన్నీ దాదాపు మన దేశానివే. వాటిలో గొప్పవి గోల్కొండ నవాబుల ఏలుబడిలో ఉన్న కొల్లూరు, పరిటాల గనులవి. పదిహేడో శతాబ్దంలో వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే కొల్లూరు గనిలో ఆడా మగా పిల్లా పీచూ కలిసి 60,000 మంది పనిచేస్తున్నారని రాసుకున్నాడు. ఆ కొల్లూరు ఇప్పుడు పులిచింతల జలాశయంలో మునిగింది. అమ్మానాన్నలు వచ్చినప్పుడు మనమంతా వాషింగ్టన్ తీసుకెళ్ళి స్మిత్‌సోనియన్‌లో చూపించే నీలపు హోప్ వజ్రం ఆ గనిదేనంటారు. 1958లో హ్యారీ విన్‌స్టన్ దాన్ని మ్యూజియానికి దానమిస్తూ మామూలు రిజిస్టర్డ్ పోస్టులో పంపించాడు. మా నాన్నగారు అద్దాలపెట్టె ముందు నిలబడి అంతా విని, "మనవాళ్ళు తవ్వారు, వీళ్ళు పెట్టుకున్నారు" అని బయటికి నడిచారు. ఇప్పటికీ తొలకరి పడితే కర్నూలు, అనంతపురం వైపు తుగ్గలి, జొన్నగిరి, వజ్రకరూరు చేలల్లో జనం రోజులతరబడి తలలు వంచుకుని రాళ్ళు వెతుకుతారు.

ఇంత వజ్రాల నేలలో పుట్టి కూడా మనవాళ్ళు వజ్రాన్ని పెళ్ళి ఒప్పందానికి గుర్తు చెయ్యలేదు. కలిగినవాళ్ళింట్లో రవ్వల దుద్దులు, రవ్వల ముక్కుపుడక ఉండేవి. అవి తల్లినుంచి కూతురికి వచ్చేవి. కొనాలంటే బ్లూ జాగరా కాదా అని చూసి, రాయి ఇంటికి తెచ్చుకుని కొన్నాళ్ళు దిండుకింద పెట్టుకుని, అచ్చివచ్చిందంటేనే డబ్బు కట్టేవారు. పెళ్ళికి లెక్క మాత్రం బంగారంలోనే. ఎన్ని తులాలు, ఎన్ని కాసులు, తరుగెంత, మజూరీ ఎంత.

ఆ లెక్కలో దుర్మార్గం లేదని నేననను. కన్యాశుల్కం నాటకం రాయవలసివచ్చింది మన భాషలోనే. తర్వాత అది తిరగబడి వరకట్నమైంది. 1961 చట్టం వచ్చినా ఆగలేదు. కానీ పిల్ల ఒంటిమీది బంగారం విషయంలో ఒక తెలివుంది. అది స్త్రీధనం. భర్తదీ కాదు, అత్తదీ కాదు. 1985లో సుప్రీంకోర్టు కూడా స్త్రీధనం పూర్తిగా భార్య సొత్తేనని తేల్చిచెప్పింది. కష్టమొస్తే బజారుకి తీసుకెళ్తే ఆనాటి ధరకి డబ్బవుతుంది. 2025 అక్టోబరులో బంగారం ఔన్సు 4,000 డాలర్లు దాటింది. ఆ లెక్కన పది గ్రాముల ఇరవైరెండు క్యారెట్ల బంగారం దాదాపు 1,180 డాలర్లు. పుట్టింటివారు ఇరవై ఏళ్ళక్రితం పెట్టిన గొలుసు ఏ ఆడపిల్లకూ నష్టం తేలేదు.

ఇక్కడి ఉంగరం సంగతి చూడండి. కొన్న మర్నాడు అదే దుకాణానికి వెళ్ళి అమ్ముతానంటే సగం ధర వచ్చినా అదృష్టమే. పైగా అది ఎవరిదన్నది కూడా అనుమానమే. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో నిశ్చితార్థపు ఉంగరాన్ని షరతుమీద ఇచ్చిన బహుమతిగా చూస్తారు. పెళ్ళి జరిగితేనే అది పిల్ల సొత్తు. తప్పిపోతే తిరిగి ఇవ్వాలి. మసాచుసెట్స్ అత్యున్నత న్యాయస్థానం 2024 నవంబరులో ఇలాంటి తగాదాలోనే, 70,000 డాలర్ల ఉంగరం గురించి, తప్పెవరిదన్న విచారణ అనవసరం, ఇచ్చినవాడికి తిరిగి చేరాలని తీర్పిచ్చింది. అంతకుముందు అక్కడ తప్పు ఎవరిదో తేల్చేవారు. మోంటానాలో మాత్రం ఇచ్చిందాన్ని ఇచ్చినట్టే లెక్క, వెనక్కి అడగడానికి లేదు. నిశ్చితార్థమైన పిల్లలకు ఇవన్నీ చెప్పడం అపశకునమంటారు మా అక్కలాంటివాళ్ళు. రోజూ ఆపరేషన్‌కి ముందు పేషెంట్ల చేత అన్ని ప్రమాదాలూ చదివించి సంతకం తీసుకునే మత్తుమందు డాక్టరుని నేను. నాకు అపశకునం అనిపించలేదు.

ఇంతకీ మా వాడికి నేను చెప్పిందేమిటంటే, ఆ పిల్లని అడగమని. "అడిగితే సర్‌ప్రైజ్ ఏముంటుంది మామయ్యా?" అన్నాడు. అడిగే రోజూ చోటూ సర్‌ప్రైజ్‌గా ఉంచుకో, డబ్బు మాత్రం ఉంచకు అన్నాను. మన పాత పెళ్ళిమాటల్లో నాకు నచ్చే ఒకే ఒక్క గుణం ఇది. చాపమీద కూర్చుని పెట్టుపోతలన్నీ పైకి మాట్లాడుకునేవారు, ఎవరెంత తెస్తారు, ఎవరెంత పెడతారు అని. మాట్లాడేది పెద్దవాళ్ళు, ఎవరి పెళ్ళో వాళ్ళు పక్కగదిలో. అది పొరపాటు. ఇక్కడ ఎవరి పెళ్ళో వాళ్ళే మాట్లాడుకుంటారు, డబ్బు ఒక్కటి తప్ప. ఆ ఒక్కదాన్ని మాత్రం నగల దుకాణంలో గుమాస్తా నిర్ణయిస్తాడు.

మొత్తానికి అడిగాడు. ఆ అమ్మాయి అన్న మాట మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటాం. "పెళ్ళయ్యాక ఆ బాకీ కట్టేది ఇద్దరి జీతాల్లోంచే కదా. నా డబ్బుతో నాకు ఉంగరం కొంటూ నాకు చెప్పకుండా కొంటావా?" అందట. డెంటల్ స్కూలు అప్పు తనకీ ఉంది మరి.

ఇద్దరూ కూర్చుని ఒప్పందానికి వచ్చారు. మూడు నెలల అద్దెకూ తిండికీ సరిపడా బ్యాంకులో కదపకుండా ఉంచాలి. అప్పు చెయ్యకూడదు. మిగిలినదాంట్లోంచే ఉంగరం. అలా చూస్తే మిగిలింది 2,000 చిల్లర. దాంట్లో అమ్మాయి కోరింది ప్రయోగశాలలో తయారైన వజ్రం.

ఇక్కడ మా అక్క భూకంపం పుట్టించింది. "మిషన్లో వండిన రాయా? రేపు వాళ్ళ పిన్నులూ మేనత్తలూ అడిగితే ఏం చెప్పను? గాజుపెంకు పెట్టామంటారు!" అని హైదరాబాదునుంచి వీడియో కాల్‌లో కళ్ళనీళ్ళు. మా ఆవిడ మెటీరియల్స్ ఇంజనీరు. వదినగారికి ఓపిగ్గా పాఠం చెప్పింది. గాజు కాదు వదినా, రెండూ బొగ్గులో ఉండే కార్బనే, అణువుల అమరిక కూడా ఒకటే. జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ న్యూయార్క్ రాష్ట్రంలో స్కెనెక్టడీలో 1954లోనే ఇలాంటిది తయారుచేసింది, కాకపోతే అవి కోతపనులకు వాడే నలుసులు. నగల్లో పెట్టేంత రాయి తరవాత వచ్చింది. 2018లో ఇక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ వజ్రం అన్న మాట నిర్వచనంలోంచి సహజమైనది అన్న విశేషణాన్ని తీసేసింది. అమ్మేవాడు మాత్రం ప్రయోగశాలదని స్పష్టంగా చెప్పి తీరాలి. ఇదంతా విని అక్క, "అయితే ఎవరన్నా పెద్దవాళ్ళు పెట్టుకున్నారా?" అంది. 2023 జూన్‌లో మన ప్రధాని అమెరికా అధ్యక్షుడి భార్యకు కానుకిచ్చింది ప్రయోగశాలలో తయారైన ఏడున్నర క్యారెట్ల వజ్రమేనని చెప్పాను. 20,000 డాలర్ల విలువ కట్టారు. అప్పటికి అక్క కొంచెం మెత్తబడింది. అణువుల అమరిక చెయ్యలేని పని అది చేసింది.

అయితే ఇందులోనూ మాయ ఉంది. ప్రయోగశాల వజ్రాన్ని కొని మళ్ళీ అమ్మాలనుకుంటే దాదాపు ఏమీ రాదు. డి బీర్స్‌వారే 2018లో లైట్‌బాక్స్ పేరుతో క్యారెట్ 800 డాలర్లకు అమ్మడం మొదలుపెట్టి, ధరలు ఇంకా ఇంకా పడిపోయేసరికి 2025లో ఆ వ్యాపారం మూసేస్తున్నామని ప్రకటించారు. ఒక క్యారెట్ రాయి ఇప్పుడు వెయ్యి డాలర్ల లోపే దొరుకుతుంది. అదే గనిలోదైతే ఓ మాదిరి మంచిది నాలుగైదు వేలు. కాబట్టి ఏది కొన్నా పెట్టుబడి అనుకోకూడదు, ఖర్చు అనుకోవాలి. ఖర్చని ఒప్పుకున్నాక ఎంతవరకు భరించగలమన్నది తేలిగ్గానే తేలుతుంది.

కొనేవాళ్ళకి రెండు మాటలు. క్యారెట్ అంటే బరువు, 200 మిల్లీగ్రాములు. అయిదు క్యారెట్లయితే ఒక గ్రాము. ధర బరువుతోపాటు సమంగా పెరగదు, ఒక క్యారెట్ దగ్గర, ఒకటిన్నర దగ్గర మెట్టులా ఎగురుతుంది. 0.9 క్యారెట్ రాయికీ ఒక క్యారెట్ రాయికీ తేడా కంటికి ఆనదు, జేబుకి ఆనుతుంది. రంగుకి జెమొలాజికల్ ఇన్‌స్టిట్యూట్ వారు డి నుంచి జెడ్ దాకా అక్షరాలు పెట్టారు. జి, హెచ్ రంగు రాయిని బంగారంలో పొదిగాక డి రంగుతో పోల్చి చెప్పగల మేనత్త ఇంకా పుట్టలేదు. డబ్బు పెట్టవలసింది కోత మీద. మెరుపు అక్కడినుంచే వస్తుంది. సర్టిఫికెట్ లేకుండా, తెలిసినవాళ్ళ దుకాణమే కదా అని ఎడిసన్‌లోనైనా షికాగో డెవాన్ ఎవెన్యూలోనైనా కొనకండి.

ఇక పెద్దల గురించి. పిల్లవాడి చేత డబ్బు లేకపోతే ఉంగరానికి మేమిస్తామని ముందుకొచ్చే తండ్రులు మనలో చాలామంది ఉన్నారు. ప్రేమతోనే. కానీ ఆ రోజునుంచి ఆ ఉంగరం ఆ ఇద్దరిదీ కాకుండా పోతుంది. "మావాడు రెండు క్యారెట్లు పెట్టాడు" అని ఇటునుంచి, "మేము పెళ్ళి హాలుకి ఎంత పెడుతున్నామో తెలుసుగా" అని అటునుంచి. కట్నాలు వద్దని సభల్లో తీర్మానాలు చేసుకున్న మనం, కట్నాన్ని రాయిలోకి మార్చి మగపిల్లవాడి వేపునుంచి వసూలు చేస్తే అది ఏ సంస్కరణ? ఇంకో సంగతి, 2014లో ఎమరీ విశ్వవిద్యాలయంలో ఇద్దరు ఆర్థికశాస్త్రజ్ఞులు పెళ్ళయిన 3,000 మందికి పైగా ప్రశ్నలు వేసి చూశారు. ఉంగరానికి 500 నుంచి 2,000 డాలర్లు పెట్టిన మగవాళ్ళతో పోలిస్తే 2,000 నుంచి 4,000 పెట్టినవారు విడాకులు తీసుకునే అవకాశం 1.3 రెట్లని తేలింది. ఖరీదైన ఉంగరం కాపురం కూలుస్తుందని దీనర్థం కాదు. ఒకదాని వెంట ఒకటి కనబడినంతమాత్రాన కారణమని చెప్పలేమని మన వృత్తుల్లో ఉన్నవారికి వేరే చెప్పనక్కర్లేదు. ఖరీదు పెరిగితే కాపురం గట్టిపడుతుందన్న ప్రకటనకు మాత్రం అందులో ఆధారం దొరకలేదు.

చివరికి లెక్క ఇలా తేలింది. 1.2 క్యారెట్ల ప్రయోగశాల రాయి 900 డాలర్లు, పద్దెనిమిది క్యారెట్ల బంగారం పనితనంతో కలిపి 1,300. మొత్తం 2,200, బ్యాంకులోంచి. మా అక్క మాత్రం ఊరుకోలేదు, తన డబ్బుతో రెండు తులాల గొలుసు చేయించి, రసీదు కోడలి పేరునే రాయించింది. నిశ్చితార్థంనాడు పిల్ల మేనత్త ఒకావిడ చెయ్యి పట్టుకుని తిప్పిచూసి, ఎంతేమిటి అని అడగనే అడిగింది. అమ్మాయి ఏమీ దాచకుండా డాలర్లలో చెప్పి, ప్రయోగశాలదని కూడా చెప్పింది. ఆవిడ కాసేపు ఆలోచించి, తన రెండోవాడికి ఆ దుకాణం ఎక్కడో కనుక్కోమంది.

ఉంగరం ఇప్పుడు వారంలో అయిదు రోజులు సొరుగులోనే ఉంటుంది. రాయి ఎత్తుగా ఉంటే చేతితొడుగులు చిరుగుతాయి, చేతులు కడిగినా కిందినుంచి సబ్బునీళ్ళు పోవు. పళ్ళ డాక్టర్లకీ, ఆపరేషన్ థియేటర్లో పనిచేసేవాళ్ళకీ ఇది తెలిసిందే. పనికి వెళ్ళేటప్పుడు ఆ అమ్మాయి సన్నటి మెట్టు ఉంగరంలాంటి సాదా చుట్టు ఒకటి పెట్టుకుంటోంది. సెలవురోజున కొన్నారట, 140 డాలర్లకి.